మాణిక్యాపురం నటుడు



మాది రేగొండ దిక్కు ఒక చిన్న ఊరు. ఇప్పుడు భూపాలపల్లిలో ఉంటున్నా గానీ, ఈ ముచ్చట ఊళ్ళోదే. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళుంటాయేమో. ఊరి నడుమ కచ్చీరు ముందర జాగా ఊడ్చి, అలుకు చల్లి, ఎల్లమ్మ కథ పెట్టించారు. వెలుగంటే ఒక్క గ్యాసు లైటు. ఆడేవాళ్ళు ఐదుగురు. ఇద్దరి మెడలో డోళ్ళు, ఒకాయన చేతిలో తాళాలు, ముందర ఇద్దరు కథకులు. పెద్ద కథకునికి బుర్ర మీసాలు. కాళ్ళకు గజ్జెలు, నడుముకు దట్టీ, భుజం మీద ఒక ఎర్ర కండువా. అంతకు మించి వేషం లేదు.

నడిజాము దాటినంక కథ జమదగ్ని కోపం దగ్గరికి వచ్చింది. కన్నతల్లి తల నరకమని కొడుకు పరశురామునికి తండ్రి ఆజ్ఞ ఇచ్చాడు. అప్పుడు ఆ మీసాల మనిషి భుజం మీది కండువా తీసి తల మీదుగా కప్పుకున్నాడు. గొంతు కొంచెం తగ్గించాడు. అంతే, ఆయన రేణుక ఎల్లమ్మ అయిపోయాడు. కొడుకు ముందు నిలబడి ఆ తల్లి మాట్లాడుతుంటే మా నాయినమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మీసాలు ఎక్కడికీ పోలేదు, ఆ లైటు వెలుగులో నిగనిగలాడుతూనే ఉన్నాయి. ఎవరికీ కనబడలేదు, అంతే. మరుక్షణం కండువా మళ్ళీ భుజమెక్కింది. అదే మనిషి పరశురాముడై గొడ్డలెత్తాడు. జనం ఊపిరి బిగబట్టారు. సరిగ్గా అప్పుడే రెండో కథకుడు పక్క నుంచి ఏదో కొంటె మాట అడిగాడు. ఏడుస్తున్నవాళ్ళే పక్కున నవ్వారు.

తెల్లారి మంచినీళ్ళ బాయి కాడ ఆయన వేపపుల్లతో పండ్లు తోముకుంటూ కనబడ్డాడు. నేను భయం భయంగానే దగ్గరికి పోయి, ఎల్లమ్మ తల్లి యాడికి పోయిందని అడిగాను. ఆయన నవ్వి, భుజం మీది తువ్వాల కొస పట్టి చూపించాడు. "గిండ్ల ఉన్నది బిడ్డా," అన్నాడు.

నటన అంటే ఏమిటో తర్వాత చాలా పుస్తకాల్లో చదువుకున్నాను. ఆ బాయి గడ్డ మీద విన్నంత చిన్న నిర్వచనం మాత్రం మళ్ళీ దొరకలేదు. ఆయన పేరు నాకు గుర్తు లేదు. ఊరూరికీ అట్లాంటి ఒగ్గు కథకులు ఉండేవాళ్ళు. ఆ కథకులందరిలో మన ప్రాంతం గర్వంగా చెప్పుకోవాల్సిన పేరు ఒకటి ఉంది. ఇయ్యాల్టి ప్రసంగం ఆయన గురించే. ఆయన పేరు చుక్క సత్తయ్య.

సత్తయ్య 1935 మార్చి 29న పుట్టారు. ఊరు మాణిక్యాపురం, లింగాల ఘనపురం మండలం. ఇప్పుడది జనగామ జిల్లా. 2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు వేరుపడక ముందు మనమంతా ఓరుగల్లు జిల్లా వాళ్ళమే. కనుక సత్తయ్యను మా మనిషి అని భూపాలపల్లి వాడు అన్నా, మహబూబాబాద్ వాడు అన్నా తప్పు పట్టేవారు లేరు.

ఆయన పుట్టిన నేలను ఒకసారి తలుచుకోవాలి. జనగామకు తూర్పున పాలకుర్తి. పండితారాధ్య చరిత్ర రాసిన పాల్కురికి సోమనాథుని ఊరు. శ్రీశైలం జాతరకు చేరిన ఆటగాళ్ళనూ పాటగాళ్ళనూ బొమ్మలాడించేవాళ్ళనూ ఆ కావ్యంలో వరుస పెట్టి వర్ణించాడాయన. ఆ పక్కనే పోతన్న ఊరు బమ్మెర. ఇంకో దిక్కున కడవెండి. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య అక్కడే దొరసాని మనుషుల తుపాకి గుండుకు నేలకొరిగాడు. అప్పటికి సత్తయ్యకు పదకొండేళ్ళు. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో ఆటా పాటా కూడా ఆయుధాలయ్యాయి. సుద్దాల హనుమంతు గొల్ల సుద్దులను పోరాటం కోసం వాడుకున్న కాలమది. కథ చెప్పేవాడి నోటికి ఎంత బలముంటుందో ఆ నేల మీద పెరిగే పిల్లవానికి వేరే చెప్పాల్సిన పని లేదు.

ఇక ఒగ్గు కథ సంగతి. ఒగ్గు అంటే శివుని చేతి డమరుకం. దాన్ని పట్టిన పూజారి ఒగ్గు పూజారి. మనవాళ్ళ నోట ఒగ్గోళ్ళు. గొల్ల కురుమల ఇంటి దేవుళ్ళు మల్లన్న, బీరప్ప. ఆ దేవుళ్ళకు పట్నం వేయాలన్నా, లగ్గం చేయాలన్నా, కథ చెప్పాలన్నా ఒగ్గు పూజారే రావాలి. పట్నం అంటే నేల మీద రంగు పొడులతో వేసే ముగ్గు. పసుపు, కుంకుమ, తెల్ల పిండి, పచ్చాకు పొడి వేళ్ళ సందుల్లోంచి సన్నగా జార్చుతూ గంటల తరబడి వేస్తారు. మల్లన్నకు గొల్ల కేతమ్మతో, మేడలమ్మతో లగ్గం జరిగేది ఆ పట్నం మీదనే. కొమురవెల్లిలో, ఐనవోలులో సంక్రాంతి నుంచి ఉగాది దాకా జాతర నడిచినన్ని నాళ్ళూ డోలు దెబ్బ ఆగదు.

అంటే ఒగ్గు కథకుడు మొదట పూజారి. నటుడు కావడం ఆ తర్వాతి సంగతి. మన చర్చకు కీలకం ఇదే. ఊళ్ళో కథ పెట్టించింది దేవునికి మొక్కు తీర్చుకోవడానికి. ఎదురుగా కూర్చున్న ముసలవ్వకు అది వినోదం కాదు, మొక్కుబడి. బీరప్ప కామరాతిని తెచ్చుకునే ఘట్టంలో కథకుడు తడబడితే అది ఆటలో తప్పు అనిపించుకోదు, దేవుని పట్ల తప్పు అవుతుంది. అంత బరువు నెత్తిన పెట్టుకుని, దాని మీద నవ్వించాలి, ఏడిపించాలి, నిద్రపోయేవాణ్ణి లేపాలి. ఒక్కొక్క కథ ఒక రాత్రితో తెగదు. బీరప్ప కథ అయితే రోజుల తరబడి సాగుతుంది.

ఇంత పొడుగు కథను ఒక్కడు ఎట్లా మోస్తాడు? ఒక్కడే మోయడు. పెద్ద కథకుని పక్కన రెండో కథకుడు ఉంటాడు. వంత పాడేది ఆయనే, ప్రశ్న అడిగేదీ ఆయనే, మధ్యలో ఎకసెక్కం చేసేదీ ఆయనే. కథకుడు రాజైతే ఈయన మంత్రి. కథకుడు భర్తయితే ఈయన భార్య. కథకుడు మరీ ఎత్తుకు పోతే కాలు పట్టి కిందికి లాగేవాడూ ఈయనే. వెనక డోళ్ళు. యుద్ధం వస్తే డోలు ఉరుముతుంది. అత్తగారింటికి పోయే పిల్ల ఏడిస్తే అదే డోలు సన్నగా గొణుగుతుంది. కథకుడు ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రకు దాటేటప్పుడు గజ్జె కాలుతో ఒక చుట్టు తిరుగుతాడు. ఆ చుట్టు పూర్తయ్యేలోపు ఊరు మారుతుంది, ఏళ్ళు గడుస్తాయి, మగవాడు ఆడది అవుతాడు. నాటకంలో తెర దించి ఎత్తే పనంతా ఇక్కడ ఆ ఒక్క చుట్టులో అయిపోతుంది.

చుక్క సత్తయ్య ఈ విద్యలో ఆరితేరిన మనిషి. ఆయన జీవితంలో 12,000కు పైగా ప్రదర్శనలు ఇచ్చారని చెబుతారు. ఈ అంకె వినడానికి తేలిక, లెక్క వేస్తేనే బరువు తెలుస్తుంది. ఆరు దశాబ్దాలు ఆడారనుకున్నా ఏడాదికి 200 అవుతాయి. వానకాలం పొలం పనుల్లో కథలు తక్కువ, జాతరల కాలంలో ఎక్కువ. కాబట్టి చలికాలం, ఎండకాలం అంతా దాదాపు రోజూ నిద్ర లేని రాత్రే. పగలు నడక, బండి ప్రయాణం, బస్సు. రాత్రి కథ. నగరం వెలుగుల్లో ఒక నాటకం నూరు సార్లు ఆడితే శతదినోత్సవం చేసి పుస్తకం వేస్తాం. ఇక్కడ ఒక మనిషి వేల రాత్రులు ఆడాడు. ఒక్క వాల్‌పోస్టరు పడలేదు.

సత్తయ్య పుట్టిన ఏడాదే, 1935 మార్చి, ఏప్రిల్ నెలల్లో, మాణిక్యాపురానికి వేల మైళ్ళ దూరంలో ఒక సంగతి జరిగింది. అది చెప్పుకుంటే ఒగ్గు కథకుని పని ఎంత పెద్దదో ఇంకో దారిలో అర్థమవుతుంది. ఆ నెలల్లో చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ రష్యాకు వెళ్ళి మాస్కోలో, లెనిన్‌గ్రాడ్‌లో ప్రదర్శనలు ఇచ్చాడు. ఆడవేషాలకు పేరుమోసిన మగవాడు. చూడటానికి వచ్చిన వాళ్ళు సామాన్యులు కారు. రష్యా రంగస్థలానికి పెద్ద దిక్కయిన స్తానిస్లావ్‌స్కీ ఆయన్ను కలుసుకున్నాడు. జర్మనీలో హిట్లర్ పాలన వచ్చాక దేశం విడిచిన నాటకకర్త బెర్టోల్ట్ బ్రెక్ట్ కూడా అప్పుడు మాస్కోలోనే ఉన్నాడు.

స్తానిస్లావ్‌స్కీ 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ పెట్టిన ఇద్దరిలో ఒకడు. చెహోవ్ నాటకాలను నిలబెట్టిన రంగస్థలం అది. నటుడు తన లోపలికి చూసుకుని, నేనే ఈ పరిస్థితిలో ఉంటే ఏం చేస్తాను అని ప్రశ్నించుకోవాలని, అబద్ధం లేకుండా పాత్రను బతకాలని ఆయన నేర్పాడు. ఇయ్యాల ప్రపంచంలో సినిమా నటన నేర్పే బడులన్నిటి మీదా ఆ బోధన నీడ ఉంది. బ్రెక్ట్‌కు మాత్రం మెయ్ లాన్‌ఫాంగ్‌లో వేరే గుణం కనిపించింది. ఒక మామూలు గదిలో, మామూలు సూటు వేసుకుని, రంగు పూసుకోకుండా, ప్రత్యేకమైన దీపాలు లేకుండా ఆ నటుడు ఆడదాని నడకా చూపూ చేసి చూపించాడు. తనను జనం చూస్తున్నారన్న ఎరుక దాచుకోలేదు. పాత్రలోకి పోయినా పాత్ర పక్కన నిలబడి దాన్ని చూపిస్తున్నట్టే ఉన్నాడు. ఆ అనుభవం మీద బ్రెక్ట్ రాసిన వ్యాసం ప్రపంచ నాటక రంగంలో కొత్త ఆలోచనకు పునాది అయింది.

నాకు ఈ వ్యాసం గురించి తెలిసినప్పుడు మా ఊరి కచ్చీరు గుర్తుకొచ్చింది. మామూలు బట్టలు, రంగు లేదు, ప్రత్యేకమైన దీపాలు లేవు. మీసాలున్న మగవాడు కండువా కప్పుకుని తల్లి అయ్యాడు. మా నాయినమ్మ ఏడ్చింది గనుక ఆయన పాత్రను బతికాడన్నట్టే. ఆ మరుక్షణం పక్కవాని ఎకసెక్కానికి తానూ నవ్వాడు గనుక పాత్ర పక్కన నిలబడ్డాడన్నట్టే. మాస్కోలో ఇద్దరు పెద్దలు చెరొక కొస పట్టుకున్న తాడును మన ఒగ్గు కథకుడు రెండు చేతులతో పట్టుకుని తిరిగాడు. ఇది ఆయన ఎక్కడో చదివి తెచ్చుకున్నది కాదు. గురువు వెంట తాళాలు పట్టుకుని తిరిగి, వంత పాడి, కొన్నేళ్ళకు ముందు వరుసలోకి వచ్చి నేర్చుకున్నది.

సత్తయ్య గొప్పతనం ఈ విద్యను బాగా ఆడటం ఒక్కటే అయితే, నేను ఆయన్ను వేల మంది మంచి కథకుల్లో ఒకరని చెప్పి ఊరుకునేవాణ్ణి. ఆయన దాన్ని గద్దె ముందు నుంచి లేపి వేదిక మీదికి నడిపించారు. దేవుని పట్నం ముందు మొక్కు కోసం చెప్పే కథ ఆయన గొంతులో సభలకు వెళ్ళింది, ఆకాశవాణికి వచ్చింది, దూరదర్శన్‌కు వెళ్ళింది. ఊళ్ళల్లో అక్షరాస్యత గురించీ కుటుంబ నియంత్రణ గురించీ చెప్పాలని సర్కారు అనుకున్నప్పుడు కూడా ఒగ్గు బృందాలే డోలు భుజాన వేసుకుని కదిలాయి. అధికారి చెబితే వినని ఊరు ఒగ్గాయన చెబితే వింటుంది. ఎందుకంటే ఆయన నిన్న మొన్ననే వాళ్ళింట్లో బీరప్ప లగ్గం చేసిన మనిషి.

రేడియో సంగతి కాస్త ఆగి చెప్పుకోవాలి. ముఖంతో, కండువాతో, గజ్జెకాలితో ఆడే నటుణ్ణి స్టూడియోలో మైకు ముందు కూర్చోబెట్టారనుకోండి. చుట్టు తిరగడానికి జాగా లేదు. ఎదుట ఏడ్చే నాయినమ్మ లేదు. గోడలకు శబ్దం రాకుండా గుడ్డ కొట్టి ఉంటుంది. తన గొంతు తనకే పరాయిగా వినబడుతుంది. మిగిలిందల్లా డోలు, వంత, గొంతు. అయినా ఒగ్గు కథ రేడియోలో నిలబడింది. గొంతు ఒక్కదానితో పాత్ర మార్చే విద్య ఆ కథకుల దగ్గర ముందే ఉంది. మగ గొంతును ఆడ గొంతు చేయడానికి సన్నగా పలకనక్కర లేదు, మాట చివర కాస్త దీర్ఘం తీసి, ఊపిరి ఒక పిసరు ఆలస్యంగా వదిలితే చాలు. మీలో ఎవరైనా చిన్నప్పుడు ఇంటి చూరు కింద ట్రాన్సిస్టరు పెట్టుకుని ఒగ్గు కథ విని ఉంటే, ఆ తల్లి ముఖం మీకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. ఆ ముఖాన్ని మీరు చూడలేదు, విన్నారు.

ఇక్కడ మీకు ఒక ప్రశ్న రావచ్చు. ఇంత నటన ఉన్న మనిషి సినిమాకు ఎందుకు పోలేదు? మన తెలంగాణ నుంచి తెర మీదికి పోయినవాళ్ళు లేకపోలేదు. కరీంనగర్‌లో 1909లో పుట్టిన పైడి జయరాజ్ మూకీ సినిమాల రోజుల్లోనే బొంబాయి చేరి హిందీ తెర మీద నాయకుడయ్యాడు, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. మన ఓరుగల్లు మట్టెవాడలో 1932లో పుట్టిన నేరెళ్ళ వేణుమాధవ్ గొంతుతో లోకాన్ని చుట్టి వచ్చాడు. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చాడు, సినిమాల్లోనూ కనిపించాడు, 2001లో పద్మశ్రీ అందుకున్నాడు. వాళ్ళ దారి వేరు. ఇల్లు విడిచి, ఊరు విడిచి, లోకం భాషలోకి పోయిన దారి అది.

ఒగ్గు కథకునికి ఆ దారి కుదరదు. ఆయన ఆట సగం చూసేవాళ్ళ దగ్గర ఉంటుంది. పొద్దంతా కైకిలి చేసి వచ్చి గొంగడి పరుచుకుని కూర్చున్నవాళ్ళకు అక్క మహంకాళి ఎవరో తెలుసు, కామరాతి ఎవరో తెలుసు. కథ ముందు తెలిసే ఉంటుంది. తెలిసిన కథను ఈయన ఇయ్యాల ఎట్లా చెబుతాడన్నదే చూపు. కెమెరా ఒక్కసారి పట్టుకున్న చూపును వందేళ్ళు దాస్తుంది. ఒగ్గు కథకుడు నిన్న చూసిన చూపు ఇయ్యాల ఉండదు. రేపటి ఊళ్ళో ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మను చూసి కొత్తగా పుడుతుంది. 12,000 రాత్రులు ఆడితే 12,000 రకాలుగా ఆడినట్టు. అందులో మనకు రికార్డు రూపంలో మిగిలేది పిడికెడు.

ఆ మిగలని దాన్ని కాస్తయినా నిలబెట్టడానికి సత్తయ్య ఇంకో పని చేశారు. తెలుగు విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు ఒగ్గు కథ నేర్పారు. ఇది ఎంత తలకిందులైన ముచ్చటో చూడండి. పుస్తకం పట్టి నేర్చుకున్న విద్య కాదు ఆయనది. తరగతి గదిలో హాజరు పట్టీ ఉంటుంది, గంట కొడతారు, పరీక్ష పెడతారు. రాత్రి తొమ్మిదికి మొదలై తెల్లవారే దాకా సాగే విద్యను గంటలుగా కోసి చెప్పాలి. పూజారికి మాత్రమే దక్కే విద్యను కులంతో పని లేకుండా కూర్చున్న పిల్లలందరికీ ఇవ్వాలి. ఆ పని ఆయన చేశారు. కాకతీయ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2014 సంవత్సరానికి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా అందుకున్నారు. దేశంలో సంగీత, నృత్య, నాటక రంగాల వాళ్ళకు ఇచ్చే పెద్ద గౌరవం అది.

ఆ అకాడమీ పేరులోనే నాటకం ఉంది. అయినా మనం సత్తయ్యను ఏమంటున్నాం? పత్రికలో జానపద కళాకారుడు అని రాస్తాం. సభలో ఒగ్గు కథా చక్రవర్తి అని దండ వేస్తాం. ఊళ్ళో ఒగ్గాయన అంటాం. నటుడు అని మాత్రం అనం. తెర మీద రెండు సీన్లలో కనబడి ఒక్క మాట పలికినవాడు నటుడు అవుతాడు, వేల రాత్రులు పది పాత్రలను ఒంటి మీద మోసినవాడు కళాకారుడు అవుతాడు. వినడానికి గౌరవంగానే ఉంటుంది. కానీ ఆ మాటతో మనం ఆయన్ను అసలు రంగస్థలం బయట, ముఖద్వారం పక్కన, అతిథులకు స్వాగతం చెప్పే డోలు దగ్గర నిలబెడుతున్నాం.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. కొన్నేళ్ళ కింద నేను ఒక సభలో ఉన్నాను. ఎక్కడ, ఎవరు పెట్టారు అన్నది అవసరం లేదు. ముఖ్య అతిథి రావడం ఆలస్యమయింది. ఆలోపు జనం లేచిపోకుండా ఉండటానికి ఒక ఒగ్గు బృందాన్ని ఎక్కించారు. నిర్వాహకుడు వచ్చి పెద్దాయన చెవిలో పది నిమిషాలు అన్నాడు. ఆయన డోలు తాడు బిగించుకుంటూ మెల్లగా అన్న మాట నాకు వినబడింది. "పది నిమిషాల్ల ఏం జెప్తం సారూ, బీరప్ప పుట్టనీకే పొద్దుగాల అయితది." అయినా ఆడారు. నాలుగు చుట్లు తిరిగి, డోళ్ళ మీద డోళ్ళు ఎక్కించి, మనిషి మీద మనిషి నిలబడి గోపురం కట్టారు. చప్పట్లు బాగానే పడ్డాయి. అతిథి కారు హారను వినబడగానే మైకు కట్ అయింది. ఆ రోజు అక్కడ డోలు మోగింది, విన్యాసాలు జరిగాయి. కథ ఒక్క ముక్క చెప్పలేదు. కండువా భుజం మీద నుంచి దిగనే లేదు.

ఆ సభ పెట్టినవాళ్ళను తిట్టడానికి ఈ ముచ్చట చెప్పడం లేదు. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. తెలంగాణ ఉద్యమంలో, రాష్ట్రం వచ్చాక ఉత్సవాల్లో ఒగ్గు డోలు మన గుర్తుగా నిలిచింది. మంచిదే. యువకులకు దానితో నాలుగు రూపాయలు వస్తున్నాయి, తలెత్తుకుని తిరుగుతున్నారు. కానీ డోలు పెరిగి కథ తరిగితే, ఒగ్గులో మిగిలేది చప్పుడు. సత్తయ్య చేతికి చిన్నప్పుడు వచ్చింది కథ. ఆయన విశ్వవిద్యాలయం దాకా మోసుకుపోయిందీ కథనే.

కథ చెప్పడం మీద బతికేవాళ్ళు తగ్గుతున్నారన్నది నిజమే గానీ, అంతా అయిపోయిందని చెబితే అబద్ధం. అదే జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలోని గడ్డం సమ్మయ్య గారు ఐదు దశాబ్దాలుగా చిందు యక్షగానం ఆడుతున్నారు. 19,000కు పైగా ప్రదర్శనలు ఇచ్చిన మనిషి. 2024లో పద్మశ్రీ వరించింది. చిందు వాళ్ళది ఇంకో రకం నటన. ముఖానికి రంగు, నెత్తిన కిరీటం, భుజకీర్తులు, పాత్రకొక వేషం. ఒగ్గు వాళ్ళు కండువాతో చేసేదాన్ని చిందు వాళ్ళు ఆహార్యంతో చేస్తారు. ఒకే జిల్లాలో, కూతవేటు దూరంలోని మండలాల్లో, నటనలోని ఈ రెండు దారులకూ ఇంత పెద్ద మనుషులు పుట్టారు. ఇట్లాంటి జిల్లాను మరో దేశంలో అయితే నాటక విద్యార్థులు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. మన పిల్లలకు మాత్రం మాణిక్యాపురం ఏ దిక్కున ఉందో తెలియదు.

చుక్క సత్తయ్య 2017 నవంబర్ 9న కన్నుమూశారు. ఎనభై రెండేళ్ళు బతికారు.

శ్రోతలారా, మిమ్మల్ని అడిగేది ఒక్కటే. వచ్చే సంక్రాంతి తర్వాత ఐనవోలుకో కొమురవెల్లికో పోతారు కదా. దర్శనం అయిందని వెంటనే బస్సు ఎక్కకండి. ఎక్కడో ఒక చెట్టు కింద, ఎవరో ఒక కుటుంబం మొక్కు కోసం ఒగ్గు కథ చెప్పిస్తూ ఉంటుంది. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని కనీసం ఒక ఘట్టం మొదటి నుంచి చివరి దాకా వినండి. ఫోను జేబులో ఉండనీయండి. కథకుడు కండువా తల మీదికి తీసుకునే క్షణం ఒకటి వస్తుంది, అది పిల్లలకు చూపించండి. కథ అయిపోయాక ఆయన చేతిలో నోటు పెట్టేటప్పుడు, ఈ తాత ఎవరని పిల్లలు అడుగుతారు.

నటుడు అని చెప్పండి.